నర్సవ్వ సరిచేసిన కుజుడు

1961 జూలైలో నన్ను నల్లగొండ జిల్లాలోని ఒక చేనేత ఊరి హైస్కూలుకు సైన్సు అసిస్టెంటుగా వేశారు. హోదాలో హెడ్మాస్టరు తర్వాతి వరుస మాదే అయినా, ప్రొబేషన్ ముగిసేదాకా గంట కొట్టే అటెండరుకున్న ధీమా కూడా మాకుండేది కాదు. అది ముగియాలంటే ఇన్స్పెక్టరు తరగతిలో కూర్చుని పాఠం విని, స్కూలు లాగ్‌బుక్కులో "తృప్తికరం" అని రాయాలి. మొదటి తనిఖీలో ఆయన నా పిల్లలు పాఠం బట్టీ పట్టారని తేల్చి ప్రొబేషన్ ఏడాది పొడిగించారు. రెండోసారీ అదే రాస్తే ఉద్యోగం పోయినట్టే.

రెండో తనిఖీకి గ్రహాల నడక పాఠం ఎంచుకున్నాను. కుజుడు ఆకాశంలో కొన్నాళ్ళు ముందుకు పోతాడు, ఆగుతాడు, వెనక్కి నడుస్తాడు, మళ్ళీ దారిలో పడతాడు. ఎందుకిలా అన్నదానికి పూర్వులు చెప్పిన జవాబులు ఎలా మారుతూ వచ్చాయో మూడు బల్లల మీద చూపాలని నా పథకం.

సామగ్రికి నర్సవ్వే దిక్కు. ఆమె మా కిరాయి ఇంటి యజమానురాలు. ఆసు పోయడంలో ఊళ్ళో ఆమె తర్వాతే ఎవరైనా. రంగులద్దే ముందు నూలును ఒక నడిమి చీల నుంచి చుట్టూ వంపుగా దిగగొట్టిన చీలలకు వేలసార్లు చేత్తో తిప్పి పోస్తారు; అదే ఆసు. మూడో బల్ల మీద నేను సుద్దతో కోడిగుడ్డు ఆకారం గీసి, సూర్యుణ్ణి ఒక పక్కకు పెట్టి, గీత వెంట చీలలు కొట్టి, సూర్యుడి నుంచి ప్రతి చీలకూ ఎర్రదారం లాగమని ఆమెకిచ్చాను.

తనిఖీ రోజు ఆమె బల్లకు గుడ్డ చుట్టి స్వయంగా మోసుకొచ్చింది. అప్పటికే గంట కొట్టారు. విప్పి చూసుకునే వ్యవధి లేదు.

మొదటి బల్ల బాగా నడిచింది. నడుమ భూమి, చుట్టూ నర్సవ్వ పాత రాట్నం చక్రం, దాని అంచున ఇంకో చిన్న చక్రం, దాని మీద కుజుడు. రెండూ తిప్పితే కుజుడు వెనక్కి నడిచాడు. పిల్లలు పకపకా నవ్వారు. రెండో దానిలో సూర్యుడు నడుమకొచ్చాడు. మన బండి దాటిపోతుంటే పక్క బండి వెనక్కి పోయినట్టుంటుంది కదా, కుజుడి సంగతీ అంతేనని చెప్పాను. అయినా దారులు గుండ్రంగానే ఉంచారు కనుక లెక్క పూర్తిగా కుదరలేదని, అసలు దారి మూడో బల్లలో చూడమని గొప్పగా గుడ్డ లాగాను.

చక్కటి వృత్తం. సూర్యుడు సరిగ్గా నడిమధ్య.

"మాస్టర్‌సాబ్, ఇది రెండోదే కదా?" అన్నారు ఇన్స్పెక్టరు.

గుమ్మంలో నిలబడ్డ నర్సవ్వే నా వైపు చూస్తూ జవాబిచ్చింది. "మీ గీత వంకర వొయ్యింది సారూ, నేనే సరిజేసిన. నడిమి చీల నుంచి ఏ చీలకైనా దారం ఒక్క తీరుగనే ఉండాలె. లేకుంటే పనంత ఖరాబైతది."

నెపం ఆమె మీదికి నెట్టేద్దామని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. పిల్లల వైపు తిరిగి, మహామహా పండితులు రెండు వేల ఏళ్ళు చేసింది ఇదేనన్నాను. ఆకాశంలో వంకర ఉండదని వాళ్ళకూ నమ్మకం. చివరికి ఒక జర్మన్ గణితజ్ఞుడు, గుండ్రటి దారికీ కుజుడు నిజంగా కనిపించిన చోటుకూ చందమామ వెడల్పులో నాలుగోవంతు తేడా వస్తే, దాన్ని దాచకుండా వృత్తాన్నే వదిలేశాడు.

నర్సవ్వ ఊరుకోలేదు. "గట్లయితే దారం ఒకదిక్కు పొడుగు, ఒకదిక్కు పొట్టి. మరి గా చుక్క ఒక్క తీరుగ ఎట్ల నడుస్తది?"

నడవదన్నాను. సూర్యుడికి దగ్గరైతే జోరుగా, దూరమైతే నిదానంగా పోతుంది. ఆ ప్రశ్న నా పాఠ్య ప్రణాళికలో లేదు. ఇన్స్పెక్టరు దాన్ని నోటుబుక్కులో రాసుకున్నారు.

సాయంత్రం లాగ్‌బుక్కు తెరిస్తే ఇలా ఉంది: "పాఠం తృప్తికరం. ప్రశ్నలు బట్టీవి కావు. మూడో బల్ల దిద్దవద్దు."

దిద్దలేదు. ఆ తర్వాత సర్వీసంతా, తప్పు జవాబు వస్తే ఎర్ర సిరా ముట్టుకునే ముందు కారణం అడిగాను. చాలాసార్లు అది మంచి కారణమే. కొలత మాత్రం దానితో ఏకీభవించదు.