కదిలితేనే అడ్డం

మా పెదనాన్నని, పార్కులో జనాన్ని ఎక్కించుకుని వాలు పట్టాల మీద జారే బండి దగ్గర అందరూ ‘అడ్డం’ అంటారు. ఎవరు తొందరపడితే వాళ్లకి అడ్డం పడతాడు మరి. ఊరికే కూర్చున్నవాడి జోలికి మాత్రం పోడు. నిజం చెప్పాలంటే ఆయన చూసుకునే బ్రేకుదీ అచ్చం అదే బుద్ధి!

బండి అడుగున రాగి పలక ఉంటుంది. పట్టాల మధ్య రెండు వరసల అయస్కాంతాలు. రాగికి అయస్కాంతం అంటుకోదు కదా? కానీ ఆ పలక వాటి మధ్యలోంచి దూసుకెళ్తే దాన్లో కరెంటు పుడుతుంది, ఆ కరెంటే తిరగబడి బండిని వెనక్కి లాగుతుంది. ఎంత జోరుగా వస్తే అంత గట్టిగా. ఎక్కడా రాపిడే లేదు, భలే ఉంటుంది! చిక్కల్లా ఒకటే. బండి ఆగిందంటే కరెంటూ లేదు, అడ్డూ లేదు. వాలు మీద మెల్లగా జారిపోతుంది. అందుకే చక్రం కింద చెక్క పెట్టందే పెదనాన్న ఎవర్నీ పట్టాల మీదకి దిగనివ్వడు.

"అన్ని అయస్కాంతాలుండగా ఈ చెక్క వేషాలేంటి బావా?" అని దెప్పేవాడు మా మావయ్య, అంటే ఆయన బావమరిది. ఇద్దరికీ ఒకచోటే పని, మావయ్య ఉండేదీ పెదనాన్న ఇంట్లోనే, అయినా క్షణం పడదు. పైగా ఓనరు చెప్పేశాడు: "ఇక్కడ ఒక్కడు చాలు. ఎవరో సాయంత్రం తేలుస్తా."

మధ్యాహ్నం మావయ్య బండి ముందు, పట్టాల మధ్య కూర్చుని అయస్కాంతాలు తుడుస్తున్నాడు. వెనకాల బండి చప్పుడు లేకుండా కదిలింది. పెదనాన్న ఒక్క గెంతులో వెళ్లి బండికి వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టాడు.

"ఒరేయ్ దరిద్రుడా, చెక్క ఏదిరా?"

"నన్నడుగుతావేంటి? అది నీ పని!"

అరుపులకి ఓనరు వచ్చాడు. మావయ్య కూర్చున్నచోటి నుంచే అందుకున్నాడు. "చూడండి సార్, చెక్క పెట్టకుండా నన్ను చంపబోయాడు! మా అక్క మొహం చూసి ఇన్నాళ్లూ ఊరుకున్నా."

ఇంత జరిగినా వీడు లేవడేంటి? పెదనాన్న వంగి చూశాడు.

"సరే, తప్పు నాదే. నువ్వు లేచి పక్కకి రా."

"రాను. ముందు సార్‌కి సమాధానం చెప్పు."

"రావా? అయితే నేనే తప్పుకుంటా."

ఒక కాలు తీశాడు. బండి బెత్తెడు జారింది. మావయ్య కెవ్వుమని అవతలికి గెంతాడు. ప్యాంటుకి గ్రీజంటకుండా పీటలా వేసుకున్న చెక్క అక్కడే ఉంది.

ఓనరు సాయంత్రం దాకా ఆగకుండా దాన్ని తీసి పెదనాన్న చేతికిచ్చాడు. పెదనాన్న చక్రం కిందకి దాన్ని కాలితో తన్ని, చెమట తుడుచుకున్నాడు.

"పో, మీ అక్క దగ్గర ఏడువు. అన్నం తిని మరీ ఏడువు. నేనొచ్చేసరికి మాత్రం నా ఇంట్లో కనపడకు."