చేత్తో తిప్పిన నట్లు

నా పిల్లల మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కల్పితం లేదు.

కరోనా రెండో విడత. సూరత్ పక్కన వడోద్‌లో మాది ఒకటే గది. జ్వరం రాగానే మా ఆయన పిల్లలకు అంటుతుందని డాబా మీదికి మకాం మార్చారు. ఎండకు మాడిపోతున్నారని మా మరిది శ్రీను ఇనుప ఫ్రేములు తెచ్చాడు. నిచ్చెన ముక్కల్లా ఉంటాయి. బోల్టులతో ఒకదానికొకటి కలిపితే రేకులు మోసే పొడవాటి దూలం, ట్రస్ అవుతుంది. సాయంత్రానికి దాని మీద రేకులు కూడా పడ్డాయి. దేవుడికి దండం పెట్టుకున్నాను.

రాత్రి గాలి లేచింది... రేకులు దడదడ. ఇంటికి వెళ్లిపోయిన శ్రీనుకు ఫోన్ చేసి, ఆగుతుందా అని అడిగాను.

"వదినె... నట్లు చేత్తోనే తిప్పిన. పొద్దుగాల దారం కట్టి, లైను జూసి, పానాతోని బిగిద్దామనుకున్న."

"మరి రేకులెందుకేసినవ్?"

"అన్న ఏయమన్నడు."

ముందే ఒకచోట బిగిస్తే మిగతా రంధ్రాలు కలవవట. ఆ శాస్త్రం ఇప్పుడు చెబుతున్నాడు. పానా ఉధ్నాలో, అతని ఇంట్లో, సంచిలో. బయట రాత్రి కర్ఫ్యూ.

మెట్లెక్కి తలుపు బాదాను. డాబా వైపు నుంచి గడియ. కిందికి రమ్మంటే ఒకటే మాట, పిల్లలున్నారని. మళ్లీ వెళ్లి పడుకున్నారు. మొండితనానికీ ఒక వేళుండాలి కదా. ఆ ట్రస్ విడిపోతే... ఆయన మంచం సరిగ్గా దాని కిందే.

అప్పుడు వినిపించింది.

కిర్ర్...

ఆగింది.

కిర్ర్... కిర్ర్...

నట్టు బిగుస్తున్న చప్పుడు. ఒక మూల అయ్యాక ఇంకో మూల. తొందర లేదు. ఒక్కో నట్టూ బిగిసేకొద్దీ రేకుల మోత తగ్గుతోంది. మీరేనా బిగిస్తున్నది, అని అడిగాను.

 తర్వాత తలుపుకు అవతల, నా చెవి దగ్గరే ఆయన గొంతు... చాలా మెల్లగా.

"నేను తలుపుకాడున్న. ఆడ నిలబడ్డది... నువ్వు గాదా?"

గడియ తియ్యమన్నాను. అప్పుడు మాత్రం వెంటనే తీశారు. డాబా మీద ఎవరూ లేరు. గాలి వీస్తూనే ఉంది. రేకులు కదలడం లేదు.

పొద్దున శ్రీను పానా పెట్టి లాగితే ఒక్క నట్టూ కదల్లేదు. దారం కట్టి చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకు వెంట్రుకంత తేడా లేదు. పక్క డాబాలేవీ మాదానికి ఆనుకుని లేవు.

"గాలికే బిగిసినయేమో వదినె," అన్నాడు, నా మొహం చూడకుండా.

గాలికి నట్లు ఊడతాయి గానీ బిగుస్తాయా?

ఆయన కోలుకున్నారు. ఏ మేలు జరిగినా చేసినవాళ్ల పేరు తలచుకుని దండం పెట్టుకోవడం నాకలవాటు. ఈ ఒక్కదానికి... ఎవరి పేరు తలచుకోవాలి? పేరు లేకుండానే చేతులు జోడిస్తాను. జోడించినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.