‘చాలా బాగా రాశావు’

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. రెండోసారి విసుగు పుట్టింది నాకు కాదు, మా సారుకు. చదువు మానేసి జనగామలో పంక్చర్ దుకాణం పెట్టుకున్నాను.

అలాంటి నా బిడ్డ డిగ్రీకి వచ్చింది. ఒక్క క్లాసులో రెండు వందల మంది. అందరి చేతా మాట్లాడించడం కాలేజీ సారు వల్ల కాదు కనుక చర్చంతా ఫోన్లోనే. వారానికో ప్రశ్న పెడతాడు. జవాబు రాయాలి, ఇంకో ఇద్దరి జవాబుల కింద అభిప్రాయం చెప్పాలి. దానికి మార్కులుంటాయి.

నా అనుమానమల్లా పేరు పక్కన మరిపెడ అని పెట్టుకున్న ఒక పిల్లగాడి మీద. బిడ్డ ఏం రాసినా అందరికంటే ముందు వాడే వచ్చి ‘చాలా బాగా రాశావు’ అంటాడు. దుకాణానికొచ్చి పని చూడకుండా మెచ్చుకునే గిరాకీని నేనెన్నడూ నమ్మలేదు.

“ఎవడు బిడ్డా వీడు?”

“క్లాసు పిలగాడు నాయినా. మొఖం సుత సరిగ చూడలే. వాడు నా కింద రాస్తడు, నేను వాని కింద రాస్త. నాట్లకు అమ్మ వాళ్ల పొలానికి, వాళ్లు మన పొలానికి బదులు పోతలేరా, గట్లనే.”

“బదులు పోయినోళ్లు పొలంల దిగుతరు. వీడు గట్టు మీదికెల్లే చెయ్యి ఊపి పోతుండు. ఫోన్ ఇటు తే.”

“గుంజుకో. మార్కులు పోయి ఫెయిలైత. అప్పుడు నీ పక్కన కూసోని ట్యూబులు అతికిస్త.”

గుంజుకోలేదు. మర్నాడు తను దుకాణంలో ఫోన్ చార్జింగ్ పెట్టి బజారుకు పోయింది. నాకు టైపు కొట్టడం రాదు. మైకు నొక్కి మాట్లాడితే ఫోనే రాసుకుంటుంది. ఆ పిల్లగాడి మాట కిందే అడిగాను: “బాబూ, నేను ఆమె నాయినను. నా బిడ్డ రాసినదాంట్ల నీకు నచ్చిందేందో జర చెప్పు.”

నిమిషంలో జవాబొచ్చింది: ‘చాలా బాగా రాశావు.’

ప్రాణం కుదుటపడింది. బిడ్డ మీద మనసులో ఏదన్నా ఉన్నవాడు కనీసం చదువుతాడు కదా. కానీ సారు చదివాడు. బిడ్డవీ వాడివీ మార్కులు ఆపేశాడు.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చిన బిడ్డ ముఖం చూసి, తప్పించుకోవడానికి నేనే ముందు అందుకున్నాను: “నేనడిగిన దాంట్ల తప్పేమున్నది?”

“తప్పు లేదంట నాయినా. ఇన్ని వారాలల్ల రెండు వందల మందిల అసలు ప్రశ్నడిగినోనివి నువ్వొక్కనివేనని సార్ క్లాసుల చెప్పిండు. నువ్వడిగిన దానికే నన్ను రెండు పేజీల జవాబు రాయమన్నడు, రాస్తెనే మార్కులంట. పెన్ను పట్టు, నువ్వే రాయి.”