చచ్చినవాళ్ల అంగీ

జపాను బొమ్మల సినిమాల్లో నాకు మింగుడుపడనిది ఒక్కటే. హీరో కొట్టేముందు ఆ దెబ్బ పేరేమిటో గొంతు చించుకుని చెప్తాడు. చచ్చిపోయిన మా ఆయన ఏనాడూ అట్లా చెప్పి కొట్టలేదు. చెప్పి ఉంటే పక్కకు తప్పుకునేదాన్ని కదా.

నాకు సంతకం తప్ప చదువు రాదు. ఫోనులో బొమ్మ కింద అక్షరాలు పరుగెత్తుతుంటే మనవరాలు చదివి చెప్పేది. నేను చీరలకు మెరుపు రాళ్లు అతికిస్తూ వినేదాన్ని. బతుకుదెరువుకు గుజరాత్ వచ్చి ఉంటున్న నవాగామ్‌లోని మా ఒక్క గదిలో ఎన్ని దయ్యాలు, ఎన్ని మాట్లాడే నక్కలు తిరిగాయో! ఆ పిల్ల మాత్రం గడప దాటితే నోరు విప్పదు. కాలేజీలో పేరు పిలిస్తే పలకడానికి కూడా సిగ్గే. అలాంటిది, మాల్‌లో జపాను వేషాల పోటీ ఉందని, తాను స్టేజీ ఎక్కుతానని ఒకరోజు తనంతట తానే అంది. నా చేతిలో రాయి జారి జిగురులో పడింది.

వాళ్ల పొడుగు అంగీ కుట్టడం నా వంతు. మరకపడ్డ పాలిస్టర్ చీర ఒకటి దొరికింది. బొమ్మ చూసి చేతులు గోనెసంచుల్లా వదులుగా పెట్టాను. ముందున్న రెండు అంచుల్లో ఏది పైకి రావాలో మాత్రం చూసుకోలేదు. ఇన్నేళ్లుగా ఇక్కడి గుజరాతీ ఆడవాళ్ల కొంగు కుడి భుజం మీంచి ముందుకు రావడం చూస్తున్నదాన్ని. కుడి అంచే పైకి తెచ్చి, జారకుండా గట్టిగా కుట్టేశాను.

స్టేజీ వెనక గులాబీ రంగు జుట్టు తగిలించుకున్న ఒక అమ్మాయి మనవరాలిని ఎగాదిగా చూసి, హిందీలో ఏదో అని నవ్వింది. ఎడమ అంచు పైకి రావాలట. కుడిది పైకొస్తే శవానికి తొడిగినట్టట.

మనవరాలి మొహం మాడిపోయింది. "నానమ్మా, ఇంటికి పోదాం పా. అందరు నవ్వుతరు."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. మనకూ అంతే కదా, చావు పనులన్నీ అడ్డం తిప్పి చేస్తారు. జంధ్యం కూడా అటు భుజానికి మారుస్తారు. జపానువాళ్లకూ మాకూ చావు దగ్గర చుట్టరికం కలిసింది.

"ఏడ్వకు పోరీ. గా సిన్మలల్ల బతికినోళ్లకంటె సచ్చినోళ్లే ఎక్కువ తిరుగుతరు గద. నువ్వు గూడ సచ్చినట్టే పో."

"సచ్చినట్టు ఎట్ల పోవాలె?"

"నీకు మస్తు అల్కగ. సచ్చినోళ్లు మాట్లాడరు. సిగ్గు గూడ పడరు."

ముండమోసినదానికి పౌడరెందుకని మా వాడలో గుసగుసలాడతారు కానీ, ఆరోజు నా సంచిలోని పౌడరే పనికొచ్చింది. మొహమంతా పులిమి, జడ విప్పి జుట్టు ముందుకు వేశాను.

స్టేజీ మీద మైకువాడు పేరడిగాడు. పలకలేదు. మళ్లీ అడిగాడు. పిల్ల మెల్లగా చెయ్యెత్తి, ఎద మీది కుడి అంచును నిమిరి, వాడి వైపు ఒక్కో అడుగూ వేసింది. ఆ అంచు సంగతి తెలిసిన కుర్రకారు ముందు కేక పెట్టారు. తర్వాత మాల్ మొత్తం కేకే. మైకువాడు వెనక్కి నడిచి నడిచి స్పీకరు డబ్బా మీద కూలబడ్డాడు.

ప్రైజు గులాబీ జుట్టుకే పోయింది. ఆటోలో మాత్రం మా పిల్ల నోరు మూస్తే ఒట్టు.

"నువ్వు పోయినప్పుడు నీకు గిదే తొడుగుత నానమ్మా."

"వద్దె తల్లీ, పాలిస్టర్. సక్కగ కాలదు, అతుక్కుంటది. నాకు నూలుదే కప్పు."

ఆటోవాడు అద్దంలో పౌడరు మొహం పిల్లనీ నన్నూ చూసి బండి వేగం పెంచాడు.