కంచెకు రెండు వైపులా మెక్‌రేలు

మా వియ్యంకుడు ఆలిస్టర్ మెక్‌రేకి పాంక్రియాస్ క్యాన్సర్ అని ఏప్రిల్‌లో బయటపడింది. జూన్‌లో మొదలయ్యే ఇక్కడి చలికాలం గట్టెక్కడం కష్టమని డాక్టర్లు దాచకుండా చెప్పేశారు. జూన్‌లో ఒక ఆదివారం ఆయన అడిలైడ్‌ మాసన్ లేక్స్‌లోని మా ఇంటికి వచ్చి, మా ఆవిడ ఇచ్చిన టీ సగం తాగి, "బావగారూ, నన్నొక చోటికి తీసుకెళ్ళాలి" అన్నారు. వియ్యంకులు ఒకరినొకరు అలా పిలుచుకుంటారని మా అమ్మాయి స్నేహ పెళ్ళిలో నేనే నేర్పాను. ఆయనకొచ్చిన తెలుగు ఆ ఒక్క ముక్కే. మిగతాదంతా మేం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం, ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను. "రోరీని అడగలేకపోయారా?" అన్నాను. రోరీ ఆయన కొడుకు, మా అల్లుడు. "వాడా! నా చావు మాటెత్తితే గదిలోంచి లేచి వెళ్ళిపోతున్నాడు. మీరైతే కూర్చుంటారు" అన్నారు.

సంగతేమిటంటే, క్వార్న్ అనే ఊరు దాటాక ఫ్లిండర్స్ కొండల వైపు ఆయన ముత్తాతకు ఒకప్పుడు పెద్ద గొర్రెల మేత భూమి ఉండేది. ఇక్కడ దాన్ని స్టేషన్ అంటారు. స్టేషన్ మూతపడి చాలాకాలమైంది కానీ, మెక్‌రేల సమాధులు నాలుగైదు ఇప్పటికీ ఇనుప కంచె మధ్య ఉన్నాయి. వాటి పక్కన తననీ పూడ్చాలని ఆయన కోరిక. ఆ భూమి ఇప్పుడు అక్కడి మూలవాసుల సంఘం చేతుల్లో ఉంది, వాళ్ళు ఒప్పుకోవాలి. ఉత్తరం రాస్తే, 'గురువారం పదకొండున్నరకి గేటు దగ్గర ఉండండి, మాట్లాడదాం' అని రెండు వాక్యాల జవాబొచ్చింది. ఆ జవాబుని ఆయన కోటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. ఏ మాటైనా కొనసాగించలేక ఆగిపోయినప్పుడు చెయ్యి ఆ జేబు మీదికి పోయేది.

గురువారం ఉదయం ఆరున్నరకి బయలుదేరాం. పోర్ట్ వేక్‌ఫీల్డ్ రోడ్డెక్కితే పోర్ట్ అగస్టా దరిదాపుల దాకా ఒకటే హైవే, అక్కడ కుడికి తిరిగి కొండ కనుమలోంచి క్వార్న్ చేరాలి. దగ్గర దగ్గర మూడు వందల ఇరవై కిలోమీటర్లు, ఆగకుండా పోతే మూడున్నర గంటలు. రానూపోనూ పెట్రోలుకి తొంభై డాలర్లయింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది, చినుకు మాత్రం పడదు. ఇరువైపులా కోసేసిన, దున్నేసిన, ఏమీ లేని పొలాలు. అందమైన దారి అని ఎవరైనా చెబితే నమ్మకండి. వసంతకాలంలో ఎలా ఉంటుందో గానీ జూన్‌లో గుండె మీద రాయి పెట్టినట్టుంటుంది.

ఆ మూడు గంటలూ ఆయన తమ ఇంటిపేరు కథ చెప్పారు. నేను పదిసార్లు విన్నదే. స్కాట్లండ్ పడమటి తీరంలో కిన్‌టేల్ అనే కొండప్రాంతం వాళ్ళది. మెక్ అంటే కొడుకు, రే అంటే దైవకృప అని వాళ్ళ పాత గేలిక్ భాషలో అర్థమట. కృప గల ఇంటిపేరే గానీ వాళ్ళమీద ఎవరికీ కృప కలగలేదు. అక్కడి జమీందారుకి మనుషులిచ్చే కౌలు కంటే గొర్రెలిచ్చే ఉన్ని లాభంగా కనబడింది. లోయ ఖాళీ చెయ్యమన్నాడు. కదలని వాళ్ళ ఇళ్ళ కప్పులకి నిప్పు పెట్టించాడు, మళ్ళీ తిరిగి రాకుండా. మంచం పట్టిన ముసలమ్మని దుప్పటిలో మోసుకొచ్చి సముద్రపొడ్డున పడుకోబెట్టారట. అక్కడినుంచి కొందరు కెనడాకి, కొందరు ఇక్కడికి ఓడలెక్కారు. "ఆ కప్పులు కాలిన వాసన మా ముత్తాతకి చచ్చేదాకా పోలేదట, బావగారూ" అంటూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు. తను పుట్టక ముందెప్పుడో జరిగిన దానికి ఇంత ఏడుపేమిటని లోగడ విసుక్కునేవాణ్ణి. ఆ రోజు విసుగు రాలేదు.

క్రిస్టల్ బ్రూక్ దగ్గర రోడ్‌హౌస్‌లో ఇరవై నిమిషాలు ఆగాం. ఆయనకి కడుపులో నిలిచేది మా ఆవిడ కట్టిచ్చిన పెరుగన్నం ఒక్కటే, అదీ నాలుగు చెంచాలు. వంటగదిలోంచి తొంగి చూసిన పెద్దాయన "మీట్ పై వేడిగా ఉంది, ఒకటి ఇవ్వనా?" అని అడిగి, ఆలిస్టర్ మొహం చూసి మళ్ళీ అడగలేదు. వేడినీళ్ళు తెచ్చిపెట్టాడు, డబ్బులు తీసుకోలేదు. ఇంతలో స్నేహ ఫోను. "నాన్నా, కార్లో హీటర్ ఆన్‌లోనే ఉందిగా? ప్లీజ్, ఆయన్ని టూ మచ్ నడిపించకు. రోరీ రాత్రంతా నిద్రపోలేదు, బట్ హీ వోంట్ టాక్ ఎబౌటిట్" అంది. సరేనన్నాను.

క్వార్న్‌లో మోటెల్ గది ముందే తీసుకున్నాం, నూట నలభై డాలర్లు. సాయంత్రం చీకటిపడే వేళ కంగారూలు రోడ్డుకి అడ్డం వస్తాయి కాబట్టి ఒకేరోజులో వెళ్ళి రావాలనుకోకండి. అక్కడినుంచి హాకర్ వైపు అరగంట, తర్వాత పదకొండు కిలోమీటర్లు మట్టిరోడ్డు. పదకొండు దాటి పది నిమిషాలకి గేటు దగ్గరున్నాం. గేటు తెరిచే ఉంది. రెండు వందల మీటర్ల అవతల ఇనుప కంచె కనిపిస్తోంది. గాలి కోసేస్తోంది, ఆయన నడవలేరు. ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోవడమెందుకని నేను కారుని నేరుగా లోపలికి పోనిచ్చి, కంచె పక్కన చదునుగా ఉన్నచోట ఆపాను.

కాసేపటికి తెల్ల యూట్ ఒకటి, మన మినీ ట్రక్కు లాంటిది, మా వెనకే వచ్చి దూరంగా ఆగింది. డెబ్బై ఏళ్ళావిడ దిగింది. మూలవాసి, ఊలు టోపీ, మగవాళ్ళ కోటు. మొట్టమొదట అన్న మాట, "కారు వెనక్కి తీస్తారా? వచ్చిన దారినే, గేటు దాకా." ఎందుకో చెప్పలేదు. ఆలిస్టర్‌ని అక్కడే దింపి కారు తీశాను. నడిచి తిరిగొచ్చేసరికి ఆవిడ ఆలిస్టర్‌తో చెయ్యి కలుపుతోంది. "జూన్ మెక్‌రే. ఇక్కడందరూ ఆంటీ జూన్ అంటారు."

నాకు నోటి దురద ఎక్కువ. మా ఆవిడ ముప్పై ఏళ్ళుగా మొత్తుకుంటూనే ఉంది. మనవాళ్ళ సంగతి మీకు తెలుసు. సిడ్నీ పారమట్టా స్టేషన్లో ముక్కూ మొహం తెలియనివాడు తెలుగు మాట్లాడితే చాలు, ఇంటిపేరేంటి, ఏ ఊరు, ఫలానావాళ్ళు మీకేమవుతారు అని రైలొచ్చేలోపు బాబాయినో బావమరిదినో చేసేసుకుంటాం. "మెక్‌రేనా! అయితే మీరిద్దరూ చుట్టాలన్నమాట! వరసకి ఏమవుతారు?" అన్నాను, పెద్ద నవ్వుతో. ఈ దేశంలో సగం జీవితం గడిపినవాణ్ణి. మూలవాసులకి తెల్లవాళ్ళ ఇంటిపేర్లు ఎలా వచ్చాయో చదివినవాణ్ణే. ఆ క్షణంలో ఏదీ అడ్డురాలేదు.

ఆవిడ "కావచ్చు. కాకపోవచ్చు. ఎవరూ రాసిపెట్టలేదు" అంది. తర్వాత ఆలిస్టర్ వైపు తిరిగి చెప్పింది. "మా ముత్తాత మీ ముత్తాత గొర్రెలు కాసేవాడు. వారానికింత పిండి, టీ, పంచదార. అవి ఇచ్చిన లెక్క పుస్తకంలో ఏదో పేరు రాయాలి కదా, దొర పేరే రాసేశారు. ఆయన అసలు పేరు మా అమ్మమ్మకి తెలుసు. ఆ పేరు పలికితే పాద్రీలు నడిపే మిషన్‌లో దెబ్బలు పడేవి కాబట్టి మాకెవరికీ చెప్పకుండానే పోయింది." కొండ కింద బూడిదరంగు చెట్ల వరస వైపు చెయ్యి చూపించింది. "అదుగో, ఆ నీళ్ళగుంట దగ్గరే ఉండేవాళ్ళు మావాళ్ళు. గొర్రెలకి నీళ్ళు కావాల్సొచ్చాయి. గుడిసెలు కాల్చేశారు, మళ్ళీ తిరిగి రాకుండా."

"కాల్చింది ఎవరు?" అన్నారు ఆలిస్టర్.

ఆవిడ కంచెలోపల అన్నిటికంటే ఎత్తైన రాయి వైపు చూసింది, అంతే.  నేను ఆలిస్టర్ భుజం పట్టుకున్నాను. కోటు లోపల ఎముక తప్ప ఏమీ తగల్లేదు.

లోపలికి వెళ్ళాం. ఐదు రాళ్ళు. ఎత్తైనది ముత్తాతది, దాని మీద పేరు కింద 'కిన్‌టేల్ వాడు' అని చెక్కి ఉంది. ఆయన దాని మీద చెయ్యి పెట్టి తీసేశారు. "మీ వాళ్ళ సమాధులెక్కడ?" అని ఆంటీ జూన్‌ని అడిగారు. ఆవిడ కంచె బయటికి చూపించింది. మోకాలెత్తు గడ్డిలో తెల్ల పలుగురాళ్ళు వరసగా, సగం మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి. పరీక్షగా చూస్తే తప్ప కనబడవు. ఒక వరస చివర నా కారు టైర్ల అచ్చులున్నాయి. రెండు రాళ్ళు పక్కకి ఒరిగాయి.

నాకు తల కొట్టేసినట్టయింది. "క్షమించండి ఆంటీ" అన్నాను. "తెలియదుగా మీకు" అంది. ఓదార్పుగా అనలేదు. ఆలిస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ రాళ్ళని సరిచెయ్యబోతే, "వద్దు. ముట్టుకోకండి. మేం చేసుకుంటాం" అంది.

ఆవిడ యూట్‌లోంచి ఒక కాగితం తెచ్చింది. సంఘం వాళ్ళు నిర్ణయం తనకే వదిలేశారట. "లోపల ఇంకొకరికి చోటుంది. చావబోయే మనిషిని కాదనడం మా ఇంట్లో నేర్పలేదు. సంతకం పెడతాను" అంది. ఆలిస్టర్ ఆ కాగితం వైపు చూస్తూ, "ఈ కంచె తీసేయించనా? ఖర్చు నేను పెట్టుకుంటాను" అన్నారు. "తీసేస్తే ఎవరి మనసు కుదుటపడుతుంది? మీదా, మాదా?" అని ఆవిడ నిదానంగానే అడిగింది.  ఆయన "పోనీ నన్ను కంచె బయట..." అని మొదలుపెట్టి, ఆవిడ మొహం చూసి ఆపేశారు. ఆవిడ పెన్ను మూత తీసింది. అప్పుడాయన "వద్దు జూన్. సంతకం పెట్టకు" అన్నారు.

ముగ్గురం యూట్ వెనక రేకు దించి కూర్చుని, మా ఇంటినుంచి తెచ్చిన పులిహోర ఆంటీ జూనూ నేనూ, మిగిలిన పెరుగన్నం ఆలిస్టరూ తిన్నాం. ఆవిడ రెండోసారి పెట్టించుకుని, పచ్చిమిరపకాయలు ఏరి పక్కన పెట్టి, వెళ్తూ ఆలిస్టర్ కోటు బొత్తాలు పెట్టింది. "చలి తగలనివ్వకండి" అంది. మాఫీ చేసినట్టు కాదు, ముసలాయనకి చలేస్తోంది కాబట్టి.

క్వార్న్‌కి తిరిగొచ్చే దారిలో ఆయన కళ్ళు మూసుకునే మాట్లాడారు. "మా నాన్న సగం కథే చెప్పాడు. ఆయనకి ఆయన నాన్న సగమే చెప్పి ఉంటాడు. నేనూ రోరీకి సగమే చెప్పాను. మీరు మిగతాది చెప్పండి బావగారూ. నాకు ఓపిక లేదు." "తప్పకుండా" అన్నాను.

చెప్పలేదు. ఆగస్టులో ఆలిస్టర్ పోయారు. దహనం చేశాం. మరణం మాటెత్తితే లేచిపోయే రోరీ ఇప్పుడు ఆ మాట తప్ప ఇంకోటి మాట్లాడడం లేదు. నాన్న చివరి కోరిక తీర్చలేదని కుమిలిపోతున్నాడు. అస్థికల పెట్టె ఇప్పుడు మా ఇంట్లో, హాల్లో బీరువా మీద ఉంది. ఇంట్లో ఉంచకూడదని మా ఆవిడకి తెలుసు, ఒక్క మాట అనలేదు. మొన్న రోరీ వచ్చి, "మామయ్యా, మీరు వెళ్ళొచ్చారు కదా, దారి రాసివ్వండి. నాన్న ముత్తాత పక్కన పెట్టేసి వస్తాను" అన్నాడు. ఆ పిల్లాడి మొహం చూస్తూ, మీ తాతముత్తాతల ఇళ్ళూ కాలాయి, వాళ్ళూ ఇళ్ళు కాల్చారు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడని వరస అడగడానికి వచ్చిన నోరు, నా అనుకున్నవాడికి నిజం చెప్పడానికి రాలేదు. అందుకని దారి ఇక్కడ రాశాను. స్నేహకి తెలుగు చదవడం వచ్చు, చిన్నప్పుడు ఆదివారం బడిలో ఏడుస్తూ నేర్చుకుంది. ఆమె చదివి అతనికి చెబుతుంది.

ఆ వైపు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. గేటు తెరిచి ఉన్నా సరే, కారు బయటే ఆపి, వాళ్ళు వచ్చి తీసుకెళ్ళేదాకా ఆగండి. రోరీ, నువ్వు మాత్రం పెట్టె తీసుకుని వెళ్ళకు. మీ నాన్నకి అక్కడ చోటిచ్చారు. ఆయనే వద్దన్నారు.