తొర్రూరు దారిలో బెల్టు మోత

ముప్పైనాలుగేళ్లు బడి గంట ప్రకారం బతికినవాణ్ణి. కారు కొన్న రోజున, బెల్టు పెట్టుకోనివారిని వదలకుండా మందలించే మోత ఒకటి అందులో ఉందని అమ్మకందారు చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు. తొర్రూరు నుంచి వరంగల్లు పోయే రోడ్డు మీద నియమమన్న మాట ఎత్తేది ఆ మోత ఒక్కటే. రోడ్డులో సగం వెడల్పున వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. పత్తి నింపిన ఆటోలు ఎదురుదారిలో వచ్చి, దారి ఇవ్వనందుకు మననే కసురుకుంటాయి. ఇంతటి అరాజకంలో, చిన్నా పెద్దా చూడకుండా అందరినీ ఒకే గొంతుతో అడిగే ఆ యంత్రం నాకు నచ్చింది.

అందరూ బెల్టు పెట్టుకుంటే తప్ప నా కారు కదలదని ఇంట్లో ప్రకటించాను. దానికి మొదట కట్టుబడింది నా భార్యే. ఒకసారి పాలకుర్తి గుట్టకు పోతున్నప్పుడు వెనక సీట్లో ఉన్న నా బావమరిది విసుక్కున్నాడు.

"ఇది కారా బావా, నీ బడా? పనిల పని ప్రార్థన గూడ చేయించరాదు!"

నా భార్య ముందు సీట్లోంచి తల తిప్పకుండానే జవాబిచ్చింది. "నోరు మూసుకొని పెట్టుకోరా. లేకుంటే గుట్ట దాక నడుసుకుంట వస్తవు."

ఆమె అలాంటి మనిషి. ఏ మాటనైనా నవ్వులో పెట్టి అందించేది.

తర్వాత ఆమెకు ఎడమ రొమ్ముకు ఆపరేషన్ అయింది. ఏడాదిన్నర బాగానే గడిచింది. ఆ పైన జబ్బు పక్కటెముకల్లోకి తిరిగి వచ్చింది. ప్రతి మంగళవారం వరంగల్లు దవాఖానకు తీసుకుపోవలసి వచ్చింది. డాక్టరు నన్ను ఒక్కణ్ణే వరండాలోకి పిలిచి, ఇక ఇచ్చే మందులు నొప్పి తగ్గించడానికే తప్ప జబ్బు తగ్గించడానికి కాదని చెప్పాడు. నేను ఆమెకు చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. ఆ రోజు ఇల్లు చేరాక, తన పట్టుచీరలు ఎవరికి ఏది ఇవ్వాలో వరుసగా చెప్పింది. దాంతో ఆమెకు తెలుసునని నాకు తెలిసింది.

ఇక నా చేతిలో మిగిలింది వారానికొకసారి ఆ ప్రయాణాన్ని ఆమెకు వీలైనంత సులువు చేయడమొక్కటే. అది కూడా నాకు చేతకాలేదని రాయడానికే ఈ నాలుగు మాటలు.

ముందు ఎడమ సీట్లో కూర్చున్నవారికి బెల్టు ఎడమ భుజం మీదుగా దిగుతుంది. సరిగ్గా ఆమెకు కోత పడ్డ చోటనే అది ఒరుసుకునేది. మధ్యన మెత్తటిది ఏదైనా పెట్టుకొమ్మన్నాడు డాక్టరు. వరంగల్లు కాశిబుగ్గలో ఎప్పుడో కొన్న నేత దుప్పటిని కత్తిరించి ఆమె తన చేత్తోనే చిన్న దిండు కుట్టుకుంది. గుంతలో దిగినప్పుడల్లా దిండు జారేది, బెల్టు బిగుసుకునేది. వెనక సీట్లో కూర్చోబెడితే కడుపులో తిప్పి వాంతులయ్యేవి. అయినా రెండు నెలలు ఆమె బెల్టును రెండు చేతులతో ఒంటికి దూరంగా పట్టుకుని కూర్చుంది. నేను ఒక్కసారి కూడా తీసెయ్యమనలేదు. నియమం కదా.

ఒక మంగళవారం వర్ధన్నపేట దగ్గర ఆమే తీసేసింది.

"ఇగ నాతోని గాదు. జుర్మాన పడితే పడనియ్యుండ్రి."

మోత మొదలైంది. మా కారులో అది కొంతసేపు మోగి తనంతట తానే ఆగుతుంది. కానీ వేగం బాగా తగ్గి మళ్లీ పెరిగిందంటే మొదటికి వస్తుంది. ఆ దారిలో స్పీడ్ బ్రేకర్లకు, వడ్ల కుప్పలకు కొదువ లేదు. కాబట్టి మోతకూ కొదువ లేదు. ఒకనాడు నేను మెచ్చుకున్న గొంతు ఇప్పుడు చావుకు దగ్గరైన మనిషిని మందలిస్తున్నది. ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చునేది. ఆ మోత ఆమెను హింసిస్తున్నదని నాకు నేనే నిర్ణయించుకున్నాను. ఆమెను అడగలేదు. తరగతిలో కూడా పిల్లలను అడిగి నిర్ణయించే అలవాటు నాకు లేదు.

ఆ మోతను తీసివేయమని సర్వీసు సెంటరులో అడిగాను. "రూల్ ఒప్పుకోదు సార్" అన్నాడు అక్కడి మేనేజరు. అతని స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.

బెల్టు చివరి ఇనుప ముక్కలాంటిదే, పట్టీ లేకుండా, విడిగా అమ్ముతారని విన్నాను. దాన్ని సీటు పక్కన లాకులో గుచ్చితే బెల్టు పెట్టుకున్నారనుకుని కారు ఊరుకుంటుంది. దాన్ని అమ్మేవారిని జైల్లో వేయాలని ఒకప్పుడు పదిమందిలో అన్నవాణ్ణి. ఒక మంగళవారం ఆమెకు దవాఖానలో మందు ఎక్కిస్తుండగా, కారు సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్లాను. గడ్డం నెరిసిన యజమాని నన్ను చూడగానే స్టూలు మీది నుంచి లేచాడు.

"సార్! నమస్తే సార్. గుర్తువట్టలేదా? తొమ్మిదో తరగతిల అంగీకి గుండీ పెట్టుకోలేదని నన్ను ఎండల నిలబెట్టిండ్రు."

"గుర్తుంది" అన్నాను. గుర్తు లేదు.

నేను అడిగింది విని అతడు పెద్దగా నవ్వాడు. "మీరా సార్! గుండీకే గంటసేపు నిలబెట్టినోళ్లు, బెల్టుకు దొంగ క్లిప్పు గొంటరా?"

"నాకు కాదు. మా ఇంటావిడకు. ఒంట్లో బాగుండదు."

అతని నవ్వు ఆగిపోయింది. క్లిప్పును బట్టతో తుడిచి కాగితంలో చుట్టాడు. ఇస్తూ, "మీరు ఎండల నిలబెడితే, మీరు క్లాసులకు పోంగనే వచ్చి నీళ్లు తాగిచ్చేది మేడమే సార్" అన్నాడు.

మా ఇల్లు అప్పట్లో బడి ప్రహరీని ఆనుకునే ఉండేది. ఆ నీళ్ల సంగతి నాకు తెలిసింది ఆ రోజే.

తిరుగు ప్రయాణంలో క్లిప్పు గుచ్చాను. కారు మారు మాట్లాడలేదు. ఆమె ఒకసారి దానివైపు చూసింది. చాలా రోజులకు ఆమెకు ఒక మేలు చేశానన్న తృప్తితో మామునూరు దాటాను.

అక్కడి స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగుతుండగా చిన్న శబ్దం వినిపించింది. సీటు స్ప్రింగు అనుకున్నాను. రెండో బ్రేకరు దగ్గర మళ్లీ వినిపించింది. పళ్ల మధ్యన అణచిపట్టినా ఆగక వచ్చే మూలుగు అది. మూడో దాని దగ్గర ఆమె చీర కొంగును నోటికి అడ్డం పెట్టుకోవడం కంటిచివర చూశాను. బెల్టు తీసేశాక ప్రయాణంలో ఇబ్బందేమీ లేదని డాక్టరుకు చెబుతూ వచ్చింది నేనే.

"అది తీసెయ్యుండ్రి" అంది.

"సప్పుడు లేకుంటే నీకు హాయిగా ఉంటుందని..."

"నాకు హాయెక్కడిది? అది మొత్తుకున్నప్పుడు నేను మొత్తుకునేది మీకు ఇనపడకపోయేది. ఇప్పుడు ఇంటిదాక పండ్లు బిగవట్టుకొని కూసోవాల్నా?"

కారును పక్కకు ఆపి క్లిప్పు తీసేశాను. ఆమె కళ్లు తుడుచుకుని, "బంగారమసొంటి మోత. మీకేమన్నదని దాని నోరు మూసిండ్రు?" అంది. ఆ మాట కూడా నవ్వులో పెట్టే ఇవ్వబోయింది గాని, నవ్వు సగంలోనే ఆగిపోయింది.

తర్వాతి వారాలు మోతతోనే పోయివచ్చాం. మందు మోతాదు పెంచమని డాక్టరును అడిగాను. పెంచాడు. నెల తిరగకముందే ఆ మోతాదు చాలలేదు, ఈ మోతా చాలలేదు.

పోయిన మంగళవారం తిరిగి వస్తుండగా, వర్ధన్నపేట దాటాక, వేగం తగ్గించే వ్యవధి లేక, వడ్ల కుప్పను తప్పించబోయి కారును రోడ్డు అంచున గుంతలో దించాను. ఆమె గట్టిగా అరిచింది. అరిచిన తర్వాత కిటికీవైపు తిరిగి అడిగింది.

"ఇనవడ్డదా?"

"ఈ మోతల ఏం ఇనవడతది" అన్నాను.

ఆమె అరవడానికి చాలాసేపటి ముందే మోత ఆగిపోయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"మంచిగైంది" అంది.

ముందు రోడ్డు ఖాళీగా ఉంది. స్పీడ్ బ్రేకరు గాని, వడ్ల కుప్ప గాని కనుచూపుమేర లేదు. నేను కారు వేగాన్ని బాగా తగ్గించి, మోత మళ్లీ మొదలయ్యేదాకా పెంచుకుంటూ పోయాను.