ఒకే చేని ద్రాక్ష

సింగపూర్‌లో నేను ప్రోగ్రాం రాసిపెట్టింది వైన్ దిగుమతి చేసుకునే కంపెనీకని ఇంట్లో చెప్పలేదు. పండ్ల రసాలన్నాను. అది పూర్తి అబద్ధం కూడా కాదు. కంప్యూటర్ నేర్చినవాళ్ళను విమానాలకు విమానాలే దించుకుంటున్న రోజులవి. ఎవరికి ఏ పని తగిలితే ఆ పని. నాకు తగిలింది బూన్ లే దాటాక ఉన్న ఒక గోదాము. లోపల ఏడాది పొడవునా చలి. ఆ చలి కాస్త తగ్గి ఒక్క డిగ్రీ పెరిగినా గంట కొట్టే ప్రోగ్రాం కూడా నేనే రాశాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

సరుకు జాబితా సరిచేస్తుంటే ఒక ఇటలీ కుటుంబం పంపే ఎర్ర వైన్ రెండుసార్లు కనబడింది. అదే ఇల్లు, అదే రకం ద్రాక్ష, అదే సంవత్సరం. ఒకదాని పేరు చివర ఇంకో మాట తగిలించి ఉంది, అంతే. ఎవరో పరధ్యానంలో రెండుసార్లు కొట్టారనుకుని రెండూ కలిపేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. వారం తిరక్కుండా ఒక హోటల్‌కు ఒక వైన్ వెళ్ళాల్సిన చోట ఇంకోటి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే ఆ ఇంటి పెద్దాయన తన సరుకు రుచి చూపించడానికి ఇటలీ నుంచి వచ్చి ఉన్నాడు. మేనేజర్ నన్ను తీసుకెళ్ళి ఆయన ముందు నిలబెట్టి, "ఈమే" అన్నాడు.

డెబ్భై దగ్గర పడ్డ మనిషి. కోటు ఖరీదైనదే గానీ గోళ్ళ సందుల్లో మట్టి పోలేదు. ఆయన కేకలెయ్యలేదు. కాగితం తీసుకుని ఒక కొండ గీశాడు. కొండ మీద వాళ్ళ తోటలన్నీ గీశాడు. పొద్దుటి ఎండ పడే వాలులో చిన్న ముక్క ఒకదాని చుట్టూ గీత గీసి, వచ్చీరాని ఇంగ్లీషులో, "మిగతావన్నీ కలిపి ఒక వైన్. ఇది ఒక్కటీ వేరు. దీని పండు దేన్లోనూ కలపం. మా తాత కలపలేదు, నేనూ కలపను" అన్నాడు. పేరు చివర తగిలించిన ఆ మాట ఆ చేని పేరట.

నాకు తల కొట్టేసినట్టయింది. రాయలసీమలో చేల మధ్య పుట్టినదాన్ని, ఈ సంగతి నాకొకరు చెప్పాలా? మా ఇంట్లో విత్తనానికి వంకచేని వేరుశనక్కాయే విడిగా పెట్టేవాళ్ళు. వేరే చేని కాయ ఒక్క గంపెడు కలిసినా మా అవ్వ ఇల్లు పీకి పందిరేసేది. "మాకూ చేలకు పేర్లున్నాయి" అన్నాను, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

"చెప్పు" అన్నాడాయన.

వంకచేను, ఎర్రదిన్నె, గుండ్లచేను, దేవరచేను. ఒక్కొక్కటీ చెబుతుంటే ఆయన నోరు తిప్పుకుంటూ నా వెనకే పలికాడు. అప్పటికి నేను సింగపూర్ వచ్చి ఏడాది. ఆ ఏడాదిలో నన్ను వీసా గురించీ పెళ్ళి గురించీ అడిగినవాళ్ళు బోలెడుమంది. ఇలాంటి ప్రశ్న అడిగింది ఆయనొక్కడే.

ఆ చేని వైన్ రెండు గుక్కలు గ్లాసులో పోసిచ్చాడు. నేననుకున్నంత చిక్కన కాదు, గ్లాసు వెనక నా వేళ్ళు కనబడుతున్నాయి. ఎండిన గులాబీ రేకుల వాసన, దాని వెనకే వాన పడ్డ ఎర్రమట్టి వాసన. నోట్లో పోసుకుంటే నేరేడుపండు తిన్నట్టు నాలుక పట్టేసి, తర్వాత మెల్లగా వదిలింది. వెళ్ళేముందు ఒక సీసా నా చేతికిచ్చి, "ఇది ఒక్కరే తాగేది కాదు. ఆ పేర్లు వినేవాళ్ళు దొరికినప్పుడు తెరువు" అన్నాడు.

దొరకాలిగా!

సింగపూర్‌లో దిగినప్పటి నుంచీ నేను చోవా చూ కాంగ్‌లో ఒక ఆంటీ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉన్నాను. ఆమె తాత ఎప్పుడో కోస్తా నుంచి ఓడెక్కి వచ్చాడు. భర్త పోయాడు, కూతురు పెళ్ళయి వేరే ఇంట్లో ఉంది. ఆమె తెలుగులో తమిళం, మలయ్ కలిసి ఉండేవి, మాట చివర సింగపూర్ వాళ్ళ 'లా' కూడా తగిలేది. "మకాన్ అయిందా?" అని అడిగేది. తిన్నా తినకున్నా "అయింది ఆంటీ" అనేదాన్ని. ఆమె హాల్లో సీరియల్ చూస్తూ తినేది, నేను గదిలో తలుపేసుకుని తినేదాన్ని. సీసాను బీరువాలో చీరల కింద పడుకోబెట్టాను.

శనివారాలు నాలా కంప్యూటర్ పనికొచ్చిన తెలుగువాళ్ళు బూన్ లేలో ఒకరింట్లో కలిసేవాళ్ళు. ఒకసారి సీసా సంచీలో పెట్టుకుని వెళ్ళాను. మగవాళ్ళు పడగ్గదిలో విస్కీతో, ఆడవాళ్ళు హాల్లో పులిహోరతో. రెండుచోట్లా అమెరికా వీసాల మాటే. సంచీలోంచి సీసా మెడ చూసి ఒకమ్మాయి, "అక్కా, వైనా? కూల్‌డ్రింక్ కలుపుకుంటే సూపరుంటది" అంది. ఆ పిల్ల తప్పేం లేదు. ఆమెకు ఎర్రదిన్నె గురించి చెప్పబోయాను కూడా. రెండో మాటకే ఆమె ఫోన్ మోగింది. సీసా నాతోపాటే బస్సెక్కి తిరిగొచ్చింది. దారంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంకో ఏడాది గడిచేసరికి ఊపు తగ్గింది. ఎంత తొందరగా దించుకున్నారో అంత తొందరగా మనుషుల్ని పంపించెయ్యడం మొదలైంది. నా వంతూ వచ్చింది. ప్రయాణం ముందురోజు మధ్యాహ్నం పెట్టె సర్దుతుంటే ఆంటీ గుమ్మంలోకి వచ్చి, మంచం మీది సీసా చూసింది. తిడుతుందనుకున్నాను.

"అయ్యో, ఇది ఎవరి కోసం దాచినావు?" అంది.

ఎటూ పోయేదాన్నే కదా అని మొత్తం చెప్పేశాను. కొండ, చేను, ఇటలీ పెద్దాయన, మా చేల పేర్లు. ఆంటీ మంచం అంచున కూర్చుంది.

"మా తాత లాస్ట్‌లో మంచంలో పడి రోజూ అడిగేవాడు, నక్కలగుంట చేనుకి నీళ్ళు పెట్టారా అని. మేము చిన్నపిల్లలం. పెట్టాం తాతా అనేవాళ్ళం. అప్పుడు నిద్రపోయేవాడు, పావం. ఆ చేను ఎక్కడుందో ఒక్కరం అడగలే."

రెండేళ్ళు. ఒక్క గోడకు అటు ఆమె, ఇటు నేను. నన్ను ఎవరూ ఏమీ అడగరని ఊరంతటి మీదా అలిగి తిరిగాను. నేను మాత్రం ఎవర్ని అడిగాను గనక?

బిరడా తీసేది మా దగ్గర లేదు. గరిటె కాడతో లోపలికి నెట్టి, స్టీలు గ్లాసుల్లో పోశాను. వాసనకే తెలిసిపోయింది. ఒక్క డిగ్రీ పెరిగితే గంట కొట్టించిన మహాతల్లిని, సింగపూర్ ఎండలో ఉత్త ఫ్యానున్న గదిలో ఏడాదిపాటు దాన్ని ఉడకబెట్టాను. గులాబీ లేదు, మట్టి లేదు. పాడైన చింతపండు పులుసులా ఉంది.

ఆంటీ ఎప్పుడూ తాగినావిడ కాదు. ఒక గుక్క మింగి మొహం ముడుచుకుంది. "ఇది ఇట్లానే ఉంటుందా?"

"ఇట్లానే ఉంటుంది ఆంటీ."

గ్లాసు పూర్తిగా తాగింది. నేనూ తాగాను.

"నువ్వు ఊరు పోతావు కదా. నక్కలగుంట చేనుకి నీళ్ళు పెట్టారో లేదో చూడు లా" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

ఆమె తాతది ఏ ఊరో ఆమెకే తెలియదు. అది కోస్తా, నాది సీమ. అటు పక్క నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

"పెట్టే ఉంటారు ఆంటీ" అన్నాను.